గడప లోపలి న్యాయం

క్రిస్మస్ దగ్గరపడుతోందంటే మా కవరైపేట్టై చుట్టుపక్కల తెలుగు సంఘాల్లో ఇళ్ల పనులు మొదలవుతాయి. పగిలిన సిమెంటు గచ్చు తవ్విస్తారు. ఎప్పుడో పరిచిన కడప రాళ్లు తీసేసి టైల్స్ వేయిస్తారు. ఉన్న ఒక్క స్నానాల గదికి కొత్త నేల, గోడలకు సగం ఎత్తు వరకు టైల్స్. గుమ్మిడిపూండి సిప్‌కాట్ కంపెనీల్లో ఉద్యోగం దొరికిన పిల్లలు బోనస్ డబ్బుతోనో, పాడుకున్న చీటీతోనో చేయించే పని ఇది. పేడతో అలికిన మట్టి నేల మీద పుట్టిన అవ్వలు చివరి రోజుల్లో మెరిసే నేల మీద నడుస్తుంటే చూసి మేము దేవునికి స్తోత్రం చెప్పాం. ఊరి బయట గుడిసెల్లోనే ఉండాలని శాసించిన సమాజంలో మన ప్రజలు మంచి ఇల్లు బాగుచేయించుకోవడాన్ని ఆడంబరమని మేము అనం. అది వారి ఆత్మగౌరవం.

అందుకే ఒక మాట చెప్పాల్సి వస్తోంది. మన ఆత్మగౌరవం కోసం వేయించుకునే నేల ఇంకొకరి ఆత్మగౌరవాన్ని తొక్కి వేయించుకున్నది కాకూడదు. టైల్స్ కాంట్రాక్టరును మాట్లాడుకున్న రోజున మనం యజమానులమవుతాం. మన తాతల్లో చాలామందికి ఆ స్థానం తెలియదు. వారు కూలికి వెళ్లినవారు, సాయంత్రం కూలి కోసం ఎవరి వాకిట్లోనో నిలబడినవారు. ఇప్పుడు వాకిలి మనది. నిలబడినవాడు వేరొకడు.

ఇల్లు బాగుచేయించుకునేవారు ఒకసారి యిర్మీయా గ్రంథం 22వ అధ్యాయం తెరిచి చదవాలి. యూదా రాజు యెహోయాకీమును ఐగుప్తు ఫరో సింహాసనం మీద కూర్చోబెట్టాడు. ఆ ఫరోకు కప్పం కట్టడానికి అతను ప్రజల దగ్గర వెండి బంగారాలు వసూలు చేశాడని రెండవ రాజుల గ్రంథం చెబుతుంది. ఆ రాజే తనకు విశాలమైన మేడ గదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎర్ర రంగు కావాలనుకున్నాడు. ప్రవక్త కోపం దేవదారు మీద కాదు. పొరుగువాని చేత పని చేయించుకుని జీతం ఇవ్వకపోవడం మీద. అతని తండ్రి యోషీయా కూడా తిన్నాడు, తాగాడు, కానీ దీనులకు న్యాయం తీర్చాడు. దేవుణ్ణి ఎరగడమంటే అదేనని ప్రవక్త తేల్చి చెప్పాడు. మనం దేవుణ్ణి ఎరిగినవారమో కాదో గోడకు తగిలించిన వాక్యపు ఫ్రేమును బట్టి తెలియదు. ఆ గోడకు టైల్స్ అతికించినవాడి చేతిలో కూలి పడిందో లేదో దాన్ని బట్టి తెలుస్తుంది.

మన దగ్గర ఈ పని ఎలా జరుగుతుందో చూద్దాం. టైల్స్, సిమెంటు, ఇసుక మనమే కొనిస్తాం. పరిచే కూలి చదరపు అడుగుకు ఇంత అని కాంట్రాక్టరుతో మాట్లాడుకుంటాం. ముగ్గురిని పిలిచి ధర అడిగి, అందరికంటే తక్కువ చెప్పినవాడికి పని ఇస్తాం. 1,000 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 5 రూపాయలు తగ్గితే 5,000 రూపాయలు మిగిలినట్టే కదా అనుకుంటాం. కానీ ఆ 5,000 ఎక్కడి నుంచి వచ్చింది? టైల్స్ దుకాణం వాడు తగ్గించలేదు. సిమెంటు బస్తా ధర తగ్గలేదు. కటింగ్ మిషన్ బ్లేడు ధర తగ్గలేదు. తగ్గడానికి వీలైనవి రెండే: కింద పనిచేసేవారి కూలి, పనికి పట్టే సమయం.

మేస్త్రీకి ఇచ్చేదాంట్లో కాంట్రాక్టరు పెద్దగా కోత పెట్టలేడు. పని తెలిసిన మేస్త్రీ మరుసటి రోజే ఇంకో చోటికి వెళ్లిపోతాడు. కోత పడేది మాలు కలిపే కుర్రాడికి, టైల్స్ పెట్టెలు మేడ మీదికి మోసే ఆడమనిషికి. తమిళంలో ఆమెను ‘సిత్తాళ్’ అంటారు. పదేళ్లు పనిచేసినా ఆమె సిత్తాళే. ఆమె చేతికి తాపీ గానీ రసమట్టం గానీ ఇచ్చి పని నేర్పేవారు అరుదు. ఆడా మగా తేడా లేకుండా సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 1976లోనే చట్టం చేశారు. మన ఇంట్లో పని జరుగుతున్నప్పుడు ఆ నియమాన్ని గుర్తు చేయగలిగిన మనిషి ఇంటి యజమాని ఒక్కడే.

ఇక సమయం తగ్గిస్తే నష్టం మనకే. టైల్ కింద మాలు నిండుగా పరచకుండా అక్కడక్కడా ముద్దలు పెట్టి అతికిస్తే పని గబగబా అయిపోతుంది. తర్వాత గరిటె కాడతో తట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. దాని మీద బరువైన బిందె పడిందంటే పగులుతుంది. విట్రిఫైడ్ టైల్ నీటిని దాదాపు పీల్చుకోదు. పీల్చేది దాని బరువులో అర శాతానికి మించదు. అందుకే ఉత్త సిమెంటు పాలు దానికి గట్టిగా పట్టవు. దానికోసమే తయారైన జిగురు కావాలి, చేతికి ఓపిక కావాలి. స్నానాల గదిలో నీళ్లు తూము వైపు పారేలా వాలు తీయడానికీ ఓపికే కావాలి. ధర పిండేసిన తర్వాత ఆ ఓపిక ఎవరు చూపిస్తారు?

ధర మాట్లాడేటప్పుడు ఎవరూ ఎత్తని సంగతి ఇంకొకటి ఉంది. అది దుమ్ము. టైల్, గ్రానైటు పొడిగా కోసినప్పుడు లేచే తెల్లని దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనిపించనంత సన్నని రేణువులు ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడ మచ్చలు కడతాయి. దానిని సిలికోసిస్ అంటారు. ఒకసారి పాడైన ఊపిరితిత్తిని తిరిగి మామూలు చేసే మందు లేదు. వంటగది బల్లల కోసం కృత్రిమ రాయిని కోసే యువకులు ఈ జబ్బు పాలవుతున్నారని గ్రహించిన ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయి వాడకాన్నే నిషేధించింది. మన వీధుల్లో మాత్రం పద్దెనిమిదేళ్ల కుర్రాడు ముక్కుకు ఒక తువ్వాలు చుట్టుకుని రోజంతా కోస్తుంటాడు. దుమ్ము లోపలికి రాకుండా మనం కిటికీలు మూసుకుంటాం.

కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే అక్కడి నుంచి పడినవాని రక్తదోషం ఆ ఇంటి మీద ఉంటుందని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం హెచ్చరిస్తుంది. మన ఇంటి మూలంగా ఇంకొకరి ప్రాణానికి హాని రాకుండా చూడటం మన బాధ్యత అని దాని భావం. ఈ రోజు ఆ పిట్టగోడ ఒక మంచి మాస్కు కావచ్చు, నీటి ధారతో కోసే మిషన్ కావచ్చు, చేత్తో గీసి విరిచే కట్టర్ కావచ్చు. నీళ్లు, కరెంటు కలిసేచోట ఎర్తింగు సరిగా ఉన్న ప్లగ్గు కావచ్చు. వీటికయ్యే ఖర్చు మనం మార్చి మార్చి చూసే టైల్ డిజైన్ల తేడా కంటే ఎక్కువ కాదు.

తర్వాతి మాట చెప్పడానికి మాకే సిగ్గుగా ఉంది. మరుగుదొడ్డికి నేల పరిచే మనిషిని ఆ ఇంటి మరుగుదొడ్డి వాడనివ్వని ఇళ్లు ఉన్నాయి. క్రైస్తవుల ఇళ్లు కూడా. పెట్టెలు మోసే ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండేది ఇందుకే. టీ ఇవ్వడానికి పాత గ్లాసులు వేరే పెట్టే అలవాటూ ఉంది. రెండు గ్లాసుల పద్ధతి మన పెద్దల్ని ఎంత కాల్చిందో మనకు ఇంకొకరు చెప్పాలా? బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచి, ఇంటికొచ్చి గ్లాసులు వేరుచేస్తే ఆ బల్లకు అర్థం ఏముంది?

ఇప్పుడు మా ప్రాంతంలో నేలలు పరిచేవారిలో బిహారు, ఒడిశా వంటి దూర రాష్ట్రాల పిల్లలు చాలామంది ఉన్నారు. ‘హిందీవాళ్లు’ అని ఒక్క మాటతో తోసేస్తాం. పేరు కూడా అడగం. తెలుగువాళ్లం ఇలా చేయడం మరీ తప్పు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పని కోసం వచ్చిన మనవాళ్లు. ఎనిమిది రోజులకు, జూలై 6న, మా తిరువళ్లూరు జిల్లాలోనే రెడ్‌హిల్స్ దగ్గర ఒక గోదాము ప్రహరీ కూలి, పక్కన గుడిసెల్లో నిద్రపోతున్న 11 మంది కూలీలు చనిపోయారు. వారిలోనూ ఆంధ్ర నుంచి వచ్చినవారే ఎక్కువ. మీరు ఐగుప్తులో పరదేశులుగా ఉన్నారు గనుక పరదేశిని బాధపెట్టవద్దని దేవుడు ఇశ్రాయేలుకు గుర్తు చేశాడు. మన ఐగుప్తు ఇక్కడికి దూరంలో లేదు.

చట్టం ఏమంటుంది? తమిళనాడులో 1994 నుంచి నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి ఉంది. అందులో నమోదైనవారికి పిల్లల చదువుకు సాయం, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి పరిహారం, 60 ఏళ్లు నిండాక పింఛను వంటివి ఉన్నాయి. 1996లో కేంద్రం నిర్మాణ కార్మికుల కోసం చట్టం చేసి, నిర్మాణ ఖర్చు మీద సెస్సు వసూలుకు ఇంకో చట్టం తెచ్చింది. అయితే ఒక వ్యక్తి తన సొంత నివాసం కోసం 10 లక్షల రూపాయలకు మించకుండా చేయించే పనిని 1996 చట్టం అప్పట్లో మినహాయించింది. చిన్న ఇంటివాడి మీద భారం వేయకూడదన్న ఉద్దేశం మంచిదే. దాని ఫలితం మాత్రం, మనం చేయించే ఇలాంటి పనుల్లో చట్టం గడప బయటే ఆగిపోతుంది. లోపల ఆ కూలివానికి ఉన్న రక్షణ మన మనస్సాక్షే.

కొందరు విశ్వాసులు మమ్మల్ని ఎదురు ప్రశ్న వేస్తారు. “అయ్యగారూ, మోసపోయేది మేమే కదా! అడ్వాన్సు తీసుకుని ఫోను ఎత్తనివాళ్లు, సగం పని వదిలేసి పోయినవాళ్లు ఎంతమంది లేరు?” నిజమే. అప్పు చేసి నేల వేయించుకునే పేద కుటుంబానికి అలాంటి దెబ్బ చిన్నది కాదు. న్యాయం ఒక్క వైపే ఉండాలని మేము చెప్పడం లేదు. కొలతలోనూ తూకంలోనూ అన్యాయం చేయవద్దని లేవీయకాండము చెప్పింది ఇద్దరికీ. అయితే మోసానికి మందు కూలి బిగబట్టడం కాదు. ముందే అంతా తేటగా మాట్లాడుకోవడం.

పని మొదలుకాక ముందే ఇద్దరూ కలిసి టేపు పట్టి కొలవాలి. అడుగు ధరలో స్కర్టింగ్, మెట్లు, పాత గచ్చు తవ్వడం, చెత్త ఎత్తడం ఉన్నాయో లేవో ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టాలి. కోతల్లో పోయే ముక్కల కోసం నూటికి ఐదు నుంచి పది వంతుల టైల్స్ ఎక్కువ తెచ్చుకోవాలి. అప్పుడు ‘టైల్ వృథా చేశావు’ అని మేస్త్రీతో గొడవ ఉండదు. డబ్బు పని జరిగేకొద్దీ విడతలుగా ఇవ్వాలి. నీళ్లు పోసి వాలు చూసేవరకు కొంత ఆపుకోవాలనుకుంటే అదెంతో, ఏ తేదీన ఇస్తామో ముందే రాయాలి. అది కాంట్రాక్టరు లాభంలోంచి ఆగాలి గానీ కూలీల వారం డబ్బులోంచి కాదు. శనివారం సాయంత్రం అందరికీ కూలి అందిందా అని యజమాని స్వయంగా అడగాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు పనిలో కనిపిస్తే ఆపాలి. మండలిలో నమోదు కాని కార్మికుడు ఉంటే మన సంఘ యువకులు అతని పక్కన కూర్చుని దరఖాస్తు నింపిపెట్టాలి.

గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానాన్ని మనం పొదుపు పాఠంగా బోధిస్తుంటాం. లెక్క తప్పినప్పుడు దెబ్బ ఎవరికి తగులుతుందో కూడా చూడాలి. టైల్స్‌కు ముందే డబ్బు కట్టాలి, సిమెంటుకు ముందే కట్టాలి. చివర మిగిలేది కూలి. అందుకే డబ్బు చాలనప్పుడు ఆగిపోయేదీ అదే. పొలం కోసినవారి కూలి బిగబడితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు రాశాడు. మందిరాలకు నేలలు వేయించే సంఘ కమిటీలకూ ఈ మాట వర్తిస్తుంది. దేవుని పని గనుక తగ్గించుకోండి అని బేరమాడి, ఆ తర్వాత దాతల పేర్లు పాలరాతి మీద చెక్కించే సంఘం ముందు పరిచినవారి లెక్క తేల్చాలి.

చివరిగా తోటి పాస్టర్లకు ఒక మనవి. పని పూర్తయ్యాక ప్రతిష్ఠ ప్రార్థనకు మనల్నే పిలుస్తారు. పాట పాడి, వాక్యం చెప్పి, ప్రతి గదిలో ప్రార్థించి, భోజనం చేసి వస్తాం. ఇకనుంచి తేదీ ఖాయం చేయడానికి ముందే ఇంటి పెద్దను పక్కకు పిలిచి ఒక ప్రశ్న అడుగుదాం: “పనివాళ్లందరి కూలి ముట్టిందా?” ముట్టిందంటే వారినీ ఆ రోజు భోజనానికి పిలవమని, మనతో పాటు వరుసలో కూర్చోబెట్టమని చెబుదాం. ముట్టలేదంటే ప్రార్థన వచ్చే వారానికి పెట్టుకుందాం. ఆ ఇంటివారు నొచ్చుకోవచ్చు. కానీ ఇంటి మీద దీవెన పలకవలసిన మనం, ఆ కూలివాని మొర దేవుని చెవిలో పడుతుండగా ఏ నోటితో పలుకుతాం?