గర్భసంచి ఆపరేషన్లు: కత్తి పట్టింది డాక్టరు, పట్టించింది ఎవరు?

కూలిపేటలో నలుగురు ఆడవాళ్ళు కూచున్నచోట ఈ మాట వినబడుతూనే వుంటుంది: "నాకు ముప్పై రెండో ఏటే తీసేశారమ్మా." ఏం తీసేశారని ఎవరూ అడగరు. గర్భసంచి. పన్ను పీకించుకున్నంత మామూలుగా చెప్పుకుంటున్నారు. ఇంత పెద్ద విషయం ఇంత మామూలు ఎట్లా అయింది? తలరాత అనుకుంటే పొరపాటు. డాక్టర్ల దురాశ ఒక్కటే అనుకున్నా సగం నిజమే. చట్టాలూ ప్రభుత్వ విధానాలూ కలిసి తెచ్చిపెట్టిన పరిస్థితి ఇది.

ముందు లెక్కలు చూద్దాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన తెలుగు రాష్ట్రాలవే. ఈ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. మన ఆడవాళ్ళ గర్భసంచులకు మాత్రమే ఏదో ప్రత్యేకమైన జబ్బు వచ్చిందా? రాలేదు. మరి కారణం ఎక్కడ వుంది?

సెలవు లేని కూలి

మొదటి కారణం పొలంలోనే వుంది. నాట్లప్పుడు పొద్దస్తమానం బురద నీళ్ళల్లో నిలబడాలి. చాటు వుండదు, మరుగుదొడ్డి వుండదు, గుడ్డ మార్చుకునే వీలుండదు. తెల్లబట్ట, నడుంనొప్పి, నెల ఆగని రక్తస్రావం - ఇవన్నీ ఆ పనితో పెనవేసుకున్న బాధలు. ఒక్కరోజు పడుకుంటే ఆ రోజు కూలి పోతుంది. వరసగా మూడు రోజులు మానితే ముఠా మేస్త్రి మరొకరిని పెట్టుకుంటాడు.

ఈఎస్ఐ కింద వున్న ఫ్యాక్టరీ కార్మికురాలు జబ్బుపడితే డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం పొందుతుంది. పోరాడి తెచ్చుకున్న హక్కు అది. 1948లో ఈఎస్ఐ చట్టం చేసినప్పుడు పొలంలో పనిచేసే కూలిని దాని బయటే వుంచారు. 1961 నాటి ప్రసూతి సౌకర్యాల చట్టం ఫ్యాక్టరీలకు, గనులకు, ప్లాంటేషన్లకు వర్తించింది గాని పొలంగట్టు దాకా రాలేదు. ఈ రెండు చట్టాలనూ కలిపేసుకున్న 2020 సామాజిక భద్రతా స్మృతి, అసంఘటిత కార్మికులకు ఆరోగ్య, ప్రసూతి పథకాలు పెట్టాలని రాసింది. పథకం వేరు, హక్కు వేరు. పథకాన్ని సర్కారు ఇస్తుంది, సర్కారే తీసేస్తుంది.

సెలవు లేనప్పుడు మనిషి ఏం ఆలోచిస్తుంది? "నెలనెలా ఈ బాధేంది, ఒక్కసారి తీసేస్తే పీడా పోతుంది" అనుకుంటుంది. ఈ ఆలోచన ఆమె బుర్రలో పుట్టింది కాదు. కూలి పుట్టించింది.

దీనికి తిరుగులేని రుజువు పక్క రాష్ట్రంలో వుంది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా నుంచి చెరకు నరకడానికి వలసపోయే మొగుడూ పెళ్ళాలను కాంట్రాక్టరు ఒకే జోడీగా లెక్కగట్టి అడ్వాన్సు ఇస్తాడు. ఒక్కరోజు పని మానితే జరిమానా వేస్తాడు. 2019లో గగ్గోలు పుట్టి ప్రభుత్వం కమిటీ వేసి సర్వే చేయిస్తే, 82,309 మంది చెరకు కూలి స్త్రీలలో 13,861 మందికి గర్భసంచి తీసేసినట్టు తేలింది. అంటే ఆరుగురిలో ఒకరికి! కాంట్రాక్టరు కత్తి పట్టలేదు. జరిమానా మాత్రమే వేశాడు.

మాత్రకు పైసలేదు, కోతకు లక్షలు

రెండో కారణం ఆసుపత్రి. ఇన్ఫెక్షనుకు మందులున్నాయి. రక్తస్రావానికీ మాత్రలున్నాయి. రక్తం తక్కువైతే ఐరన్ ఇవ్వాలి. ఈ కేసుల్లో చాలావాటికి కోత అవసరం వుండదు. కాని ఆ వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరలో వుండాలి గదా! మైదాన ప్రాంతంలో ముప్పై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వుండాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న లెక్క. దానిపైన వుండే సామాజిక ఆరోగ్య కేంద్రంలో స్త్రీల వైద్య నిపుణురాలు వుండాలి. కాగా దేశంలో గ్రామీణ ప్రాంతాల్లోని ఈ కేంద్రాలకు కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు అయిదింట నాలుగు వంతుల కొరత వున్నట్టు కేంద్ర ఆరోగ్యశాఖ 2021-22 లెక్కలే ఒప్పుకున్నాయి.

ఈ ఖాళీని పూడ్చకుండా ప్రభుత్వాలు బీమా దారి పట్టాయి. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008లో కేంద్రం కుటుంబానికి ఏడాదికి 30 వేల రూపాయల ఆరోగ్య బీమా పథకం పెట్టింది. 2018లో 5 లక్షల ఆయుష్మాన్ భారత్ వచ్చింది. పేదవాడి బిడ్డకు గుండె ఆపరేషన్ అందిందంటే అది చిన్న సంగతి కాదు, కాదనం. అయితే ఈ పథకాలన్నీ ప్రధానంగా డబ్బు చెల్లించేది ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకే. మందుబిళ్ళకు బిల్లు లేదు, కోతకు ప్యాకేజీ వుంది. ఇక ప్రైవేటు ఆసుపత్రి దేన్ని ఎంచుకుంటుందో చెప్పనక్కర లేదు. "పుండ్లున్నాయి, క్యాన్సర్ అవుతుంది" అన్న ఒక్క మాటతో ఆడమనిషి హడలిపోతుంది. ఇంట్లో మేకో, చెవిలో కమ్మలో అమ్ముకుని కూడా పోతుంది.

కుటుంబ నియంత్రణ విధానం కూడా దీనికి తోడైంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో మూడింట రెండు వంతులకు పైగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్ళు చేయించుకున్నది వేళ్ళమీద లెక్కపెట్టాలి. పాతికేళ్ళు నిండకముందే కాన్పులు ఆపేసిన మనిషికి "ఇక గర్భసంచితో పనేముంది" అని డాక్టరు చెబితే ఇంటిల్లిపాదీ తలూపుతున్నారు. పని వుంది. గర్భసంచితోపాటు అండాశయాలనూ తీసేస్తే ముట్లుడిగే దశ ముందే వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. వంగి నాటేసి బతకాల్సిన మనిషికి ఎముకే ఆస్తి.

కోర్టు చెప్పింది, అమలు ఎక్కడ?

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో బీమా డబ్బు కోసం పేద స్త్రీలకు అనవసరంగా గర్భసంచులు తీసేశారని 2013లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. తీర్పు 2023 ఏప్రిల్ 5న వచ్చింది. కేంద్రం 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని కోర్టు ఆదేశించింది. వాటి ప్రకారం ఈ ఆపరేషన్లను పరిశీలించే కమిటీలు జిల్లాలోనూ, రాష్ట్రంలోనూ, జాతీయ స్థాయిలోనూ వుండాలి. అనవసరంగా కోసిన ఆసుపత్రులను బ్లాక్‌లిస్టులో పెట్టాలి.

అంతకుముందే 2008 జనవరిలో మరో తీర్పు వుంది. ఢిల్లీలో పరీక్ష కోసం మత్తిచ్చిన స్త్రీకి, బయటున్న తల్లి ఒప్పుకున్నదని గర్భసంచి తీసేశారు. అది చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాణాపాయం లేనప్పుడు, తెలివిగల పెద్దమనిషి శరీరానికి సమ్మతి ఇవ్వాల్సింది ఆమే. తల్లి సంతకమే చెల్లనప్పుడు వరండాలో నిలబెట్టి మొగుడి చేత వేయించిన వేలిముద్ర ఎట్లా చెల్లుతుంది?

మనం చేయాల్సింది

ఒక సంగతి మరవరాదు. క్యాన్సర్‌కు, పెద్ద గడ్డలకు, మందులకు లొంగని రక్తస్రావానికి ఈ ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. అవసరమున్న అక్కను భయపెట్టి ఆపడం మన పని కాదు. "తీసేయాలి" అన్నారంటే స్కానింగ్ కాగితాలు చేతిలో పెట్టుకుని ప్రభుత్వాసుపత్రిలో ఇంకో డాక్టరుకు చూపించమని చెప్పాలి, తోడు వెళ్ళాలి.

కార్యకర్తలు ఊళ్ళో లెక్క తీయాలి: ఎంతమందికి తీశారు, ఏ వయసులో, ఎక్కడ, ఎవరు పంపితే వెళ్ళారు. ఆ లెక్కతో జిల్లా వైద్యాధికారి దగ్గరికి పోయి, సుప్రీంకోర్టు చెప్పిన కమిటీ ఎక్కడుంది, ఎన్నిసార్లు కూచుంది అని నిలదీయాలి. మండలంలో డాక్టరమ్మ పోస్టు నింపాలని, పొలంలో నీడా మరుగూ ఏర్పాటు చేయాలని, వ్యవసాయ కార్మికురాలికి జబ్బు చేస్తే కూలితో కూడిన సెలవు చట్టంలో రాయాలని డిమాండ్ చేయాలి.

కూలిరేటు మీద సమ్మె చేసినవాళ్ళం మనం. మూడురోజుల సెలవు లేక ఆడమనిషి ఒంట్లో భాగాన్ని కోయించుకుంటున్నదంటే, అది కూడా కూలి తగాదాయే. సంఘం మాట్లాడాల్సిందే.