సున్నాలో ఇరవై శాతం ఎంత?

ఆర్థిక వ్యవస్థ చతికిలపడిన ప్రతిసారీ ప్రభుత్వాలు బ్యాంకులను అప్పులివ్వమని తొందరపెడతాయి. సిద్దిపేట జిల్లా మిరుదొడ్డి లాంటి మండలంలో ఆ అప్పు దళితవాడ దాకా ఎందుకు రాదన్నదే మా ప్రశ్న.

2020 కరోనా కాలాన్ని చూద్దాం. రిజర్వు బ్యాంకు రెపో రేటును మార్చిలో 5.15 నుంచి 4.40 శాతానికి, మేలో 4 శాతానికి తగ్గించింది. అయినా బ్యాంకులు జంకాయి. ఏప్రిల్ 15న చూస్తే 6.9 లక్షల కోట్ల రూపాయలు తిరిగి రిజర్వు బ్యాంకు దగ్గరే దాచి ఉన్నాయి.

మేలో కేంద్రం 3 లక్షల కోట్ల రుణ హామీ పథకం తెచ్చింది. చిన్న పరిశ్రమలకు, వ్యాపారాలకు తనఖా లేని అప్పు. వసూలు కాకపోతే నష్టం ప్రభుత్వానిది. మెలిక ఒక్కటే: ఫిబ్రవరి 29 నాటికి ఉన్న పాత బాకీలో 20 శాతం మేరకే కొత్త అప్పు. బ్యాంకులో అప్పే పుట్టని మాదిగ యువకుడికి సున్నాలో ఇరవై శాతం సున్నానే. అతను ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే ఏడాదికి 36 శాతం కట్టాలి.

కొత్తవారికి పథకాలు లేవా? 2016లో మొదలైన స్టాండప్ ఇండియా ప్రకారం ప్రతి బ్రాంచి కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి అప్పివ్వాల్సి ఉండేది. కానీ అది 10 లక్షల నుంచి మొదలయ్యేది. ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీకేమో బ్యాంకు కాన్సెంట్ కావాలి. అది లేకపోతే కాగితం కదలదు. 2021లో దళితబంధును బ్యాంకు అప్పుతో ముడిపెట్టకపోవడమే ఈ అడ్డంకికి సాక్ష్యం. అయితే ఆ పది లక్షలు అందరికీ అందలేదు.

అసలు లొసుగు లెక్కలో ఉంది. ప్రాధాన్య రంగ నిబంధనల్లో బలహీన వర్గాల గంపలోనే సన్నకారు రైతులు, మహిళా సంఘాలు, మైనారిటీలు, ఎస్సీ, ఎస్టీలు అందరూ ఉన్నారు. దళితులకు విడిగా వాటా లేదు. వారికి రూపాయి ఇవ్వకుండానే బ్యాంకు లక్ష్యం పూర్తి చేయవచ్చు.

బాకీ మొండిదైతే జవాబు చెప్పుకోవాల్సిన మేనేజర్ల భయం మాకు అర్థమవుతుంది. అందుకే ప్రభుత్వ హామీ మొదటిసారి అప్పు తీసుకునేవారికే ఎక్కువ ఉండాలి. మళ్లీ మాంద్యం రాకముందే మూడు పనులు జరగాలి: హామీ నిధిలో మొదటి అప్పులకు విడి భాగం, ఎస్సీలకు ఎంత ఇచ్చారో బ్రాంచీల వారీగా మండల స్థాయి బ్యాంకర్ల సమావేశంలో బహిరంగ లెక్క, తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకు రాతపూర్వక కారణం. వీటిలో చివరి రెండింటికీ కొత్తగా రూపాయి ఖర్చు లేదు.