గంట మ్రోగినంతమాత్రమున చాలునా?

మా పాఠశాలలో గంట కొట్టు పనిని కొంతకాలముగా ఒక చిన్న ఆర్డుయినో పలక చేయుచున్నది. దిల్‌సుఖ్‌నగర్ రహదారి రొదలో పాత యిత్తడి గంట వినబడకుండుటచే, పదవ తరగతి విద్యార్థి యొకడు కొఠీలోని గుజరాతీ గల్లీకి పోయి సామగ్రి తెచ్చి దీనిని నిర్మించెను. గంట మ్రోగెను. అందరమును చప్పట్లు కొట్టితిమి, బహుమానమును ఇచ్చితిమి. అతడు వ్రాసిన ప్రోగ్రామును మాత్రము మాలో నొక్కరును చదువలేదు. ఆ తప్పు మాదే.

తరువాత పీరియడును 45 నిమిషములనుండి 40 నిమిషములకు తగ్గింపవలసి వచ్చెను. అప్పటికి ఆ బాలుడు పాఠశాల విడిచి పోయెను. తొమ్మిదవ తరగతి పిల్లలు ప్రోగ్రామును తెరచి చూడగా 2700 అను సంఖ్య పదునొకండు చోట్ల కానవచ్చెను. అది 45 నిమిషములలోని సెకండ్ల లెక్క యని గ్రహించుటకే వారికి ఒక పూట పట్టెను. పది చోట్ల 2400 అని దిద్దిరి. ఒక చోట మరచిరి. ఆ వారమంతయు భోజనపు గంట ఐదు నిమిషములు ఆలస్యముగా మ్రోగెను. చిన్న తరగతులవారు ఆకలితో గుమ్మమువైపు చూచుచు కూర్చుండిరి.

అంతకన్న చిక్కైనది మరియొకటి. గంట 13వ పిన్నునకు తగిలింపబడి యుండెను. పిల్లలు 12వ పిన్నునకు ఒక దీపము తగిలించిరి. గంట మ్రోగినప్పుడెల్ల దీపము ఆరిపోవుచుండెను. తీగలు మార్చిరి, దీపము మార్చిరి, తుదకు పలకనే నిందించిరి. ప్రోగ్రాములోనో, బి-పోర్టు రిజిస్టరులో 32 వ్రాయుమని మాత్రమే యుండెను. ఆ రెండు పిన్నులును ఎనిమిది బిట్లు గల ఆ యొక్క రిజిస్టరునకే చెందినవి. 32 వ్రాయగనే గంట బిట్టు ఒకటి యగును, తక్కినవన్నియు సున్నలగును; దీపము ఆరక యేమి చేయును? ఆ యొక్క బిట్టును మాత్రమే మార్చు 'ఆర్' క్రియను వాడి, దానిని 'గంట మ్రోగించు' అను ఫంక్షనులో నుంచి యుండినచో, ఈ శ్రమ యుండెడిదే కాదు.

చిప్పు చిన్నది, అందులో పొడవైన పేర్లకును వ్యాఖ్యలకును చోటెక్కడిదని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడిగిరి. చిప్పు చిన్నదనుట నిజమే. ఆర్డుయినో ఊనో పలకమీది ఏటీమెగా 328 చిప్పులో ప్రోగ్రామునకు 32 కిలోబైట్లు, చరరాశులకు 2 కిలోబైట్లు మాత్రమే కలవు. అయినను పేర్లును వ్యాఖ్యలును చిప్పులోనికి పోవు. కంపైలరు వానిని విడిచి, యంత్రాజ్ఞలను మాత్రమే పంపును. 'పీరియడు నిడివి' అని వ్రాసినను, ఒక్క అక్షరము వ్రాసినను, చిప్పునకు తేడా లేదు. తేడా యంతయు చదువువానికే. ఇంటరప్టు వంటి తొందర గల చోట్ల వ్రాత క్లుప్తముగా నుండవచ్చును. అట్టి చోటనే వ్యాఖ్య మరింత యవసరము.

ఇది మా ఛాదస్తము కాదు. 1968వ సంవత్సరముననే డైక్‌స్ట్రా యను డచ్చి పండితుడు, ప్రోగ్రాములో నిటునటు దుముకు 'గోటూ' ఆజ్ఞ హానికరమని బహిరంగముగా లేఖ వ్రాసెను. దుముకులు హెచ్చినకొలది, ప్రోగ్రాము నడచుచుండగా ఏ ఘట్టమున నున్నదో చదువరి చెప్పజాలడని ఆయన వాదము.

కొలది దినములలో కోడింగు నేర్పెదమను ప్రకటనలకు మన పేటలో కొదువ లేదు. పనిచేసిన చాలునను బుద్ధి పిల్లలకు అచ్చటనుండి మాత్రమే వచ్చుచున్నదనుట న్యాయము కాదు. వెలిగిన దీపమునకే మార్కులు వేసిన మేమును అట్లే నేర్పితిమి. కావున రాబోవు ప్రదర్శనములో ప్రతి పరికరము ప్రక్కను దాని ప్రోగ్రామును కాగితముపై నుంచవలెను. దానిని వ్రాయని వేరొక విద్యార్థి చదివి, ఏది యేమి చేయునో చెప్పవలెను. సగము మార్కులు దానికే. సిద్ధముగా కొని తెచ్చిన పరికరములు ఈ పరీక్షకు నిలువవని తల్లిదండ్రులకు ముందుగనే మనవి చేయుచున్నాము.

గంట ప్రోగ్రామును తొమ్మిదవ తరగతివారు తిరిగి వ్రాయుచున్నారు. పీరియడు నిడివి ఇప్పుడు మొదటి పుటలో, ఒక్క చోటనే యున్నది.