థైరాయిడ్ క్యాన్సర్ అని తేలినా ఆపరేషన్ ఆపిన సర్జన్.. 1993 నాటి ఆ నిర్ణయం ఏం తేల్చింది?

హెల్త్ చెకప్ ప్యాకేజీలో మెడ స్కానింగ్ చేశారు. చిన్న గడ్డ కనిపించింది. సూదితో శాంపిల్ తీస్తే క్యాన్సర్ అని రిపోర్టు. ఇక ఇంట్లో అందరిదీ ఒకటే మాట.. వెంటనే తీయించేద్దాం! కానీ ఆపరేషన్లే వృత్తిగా ఉన్న ఓ జపాన్ డాక్టర్ దీనికి పూర్తి రివర్స్‌లో ఆలోచించారు. ఆయనే అకిరా మియావుచి.

మియావుచి ఎండోక్రైన్ సర్జన్. అంటే థైరాయిడ్, పారాథైరాయిడ్, అడ్రినల్ లాంటి హార్మోన్ గ్రంథులకు ఆపరేషన్ చేసే స్పెషలిస్టు. థైరాయిడ్ వెనకే మాటకు సంబంధించిన సన్నటి నరం ఉంటుంది. అది దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. ఆ నరాన్ని మెడలోని ఇంకో నరంతో కలిపి కుట్టి గొంతు బాగుచేయడంలో ఆయనకు మంచి పేరుంది. అంటే ఆపరేషన్ రాక వద్దన్న మనిషి కాదు!

మరి ఎందుకు వద్దన్నారు? వేరే కారణాలతో చనిపోయినవాళ్ల పోస్ట్‌మార్టంలో చిన్న చిన్న థైరాయిడ్ క్యాన్సర్లు తరచూ బయటపడేవి. బతికున్నంతకాలం వాటితో ఏ ఇబ్బందీ లేదు. అందుకే సెంటీమీటర్ లోపు ఉండే, రిస్క్ తక్కువైన పాపిల్లరీ క్యాన్సర్లను కోయకుండా స్కానింగ్‌తో గమనిద్దామని ఆయన ప్రతిపాదించారు. 1993లో కోబె నగరంలోని కుమా హాస్పిటల్‌లో ఇది మొదలైంది.

2014లో 1,235 మంది ఫలితాలు ప్రకటించారు. పదేళ్లలో గడ్డ 3 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ పెరిగింది 8 శాతం మందిలోనే. ఈ క్యాన్సర్‌తో ఒక్కరూ చనిపోలేదు.

అదే టైమ్‌లో దక్షిణ కొరియాలో సీన్ వేరు. అక్కడ చెకప్‌లలో థైరాయిడ్ స్కానింగ్ విపరీతంగా పెరిగింది. 2011 నాటికి ఈ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం దాదాపు మారలేదు. దాదాపు అందరికీ ఆపరేషన్లు జరిగాయి. చివరకు 2014లో అక్కడి డాక్టర్లే కొందరు బహిరంగంగా హెచ్చరించాక ఆ సంఖ్య తగ్గింది.

అలాగని గడ్డ ఉన్నా పట్టించుకోవద్దని కాదు. శ్వాసనాళానికో, మాట నరానికో ఆనుకుని ఉన్నా, లింఫ్ గ్రంథులకు పాకినా ఆగడం కుదరదు. వయసు తక్కువైతే పెరిగే అవకాశం కాస్త ఎక్కువ. ఆపరేషన్ తప్పనిసరైతే చేసే డాక్టర్ అనుభవం కీలకం. అమెరికాలో దాదాపు 17 వేల మంది పేషెంట్లపై జరిగిన స్టడీ ప్రకారం.. ఏడాదికి 25కు మించి పూర్తి థైరాయిడ్ ఆపరేషన్లు చేసే సర్జన్ల దగ్గర కాంప్లికేషన్లు తక్కువ. డేట్ ఫిక్స్ చేసుకునే ముందు ఈ నంబర్ ఎంతో డాక్టర్‌ను నేరుగా అడగొచ్చు.