కాఫీ డబ్బాకు ఫ్రిజ్‌లో ఏం పని?

గింజలైనా పొడైనా ఫ్రిజ్‌లో పెడితే కాఫీ తాజాగా ఉంటుందన్నది చాలా ఇళ్లలో పాతుకుపోయిన నమ్మకం. పాలూ పెరుగూ అందులోనే నిలవుంటున్నాయి కదా అంటారు. తిరకాసంతా ఆ పోలికలోనే ఉంది. పాలు విరిగేదీ, కూర పాచిపోయేదీ సూక్ష్మజీవుల వల్ల; చలి వాటి జోరును తగ్గిస్తుంది. వేయించిన కాఫీ గింజలో కుళ్లడానికి తగినంత తడే ఉండదు. దాని వాసన గాలిలోకి ఎగిరిపోతుంది, నూనెలకు ఆక్సిజన్ తగిలి ముక్కిపోతాయి, తేమ తగిలితే ఈ రెండూ ఇంకా త్వరగా జరుగుతాయి.

చల్లదనం ఈ మార్పులను కూడా నెమ్మది చేస్తుందిగా అనవచ్చు. చేస్తుంది, మూత తీయనంత కాలం. కాఫీ డబ్బా పూటపూటా తెరిచేది. విజయవాడలో వానాకాలం 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున, 26 డిగ్రీలకు చల్లబడితే చాలు గాలిలోని ఆవిరి నీరవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. స్టీలు డబ్బా బయట పట్టిన చెమటను గుడ్డతో తుడిచేస్తాం. మూత తీసినప్పుడు లోపలి పొడి మీదికి దిగిన చెమ్మను ఎవరు తుడుస్తారు? చికోరీ కలిసిందైతే మరీ అన్యాయం, అది తేమను ఇట్టే పీల్చి చెంచాతో పొడవాల్సిన గడ్డలు కడుతుంది. ఇక వాసనల సంగతి. ఫ్రిజ్‌లో కంపు పోవాలంటే గిన్నెలో కాఫీ పొడి పెట్టమనే చిట్కా కూడా మన ఇళ్లలోదే. ఆ గిన్నె అల్లం వెల్లుల్లి ఘాటును లాగేస్తుందని ఒప్పుకుని, మూత సరిగా పట్టని పక్క డబ్బాకు ఏమీ కాదనుకోవడం విడ్డూరం.

అసలు నష్టం ఫ్రిజ్ దాకా రాకముందే, నెలకు సరిపడా పొడి ఒకేసారి కొట్టించినప్పుడే మొదలవుతుంది. వేయించేటప్పుడు గింజలో చేరిన కార్బన్ డయాక్సైడ్ రోజుల తరబడి మెల్లగా బయటికొస్తుంది. పొడి చేస్తే అందులో చాలా భాగం నిమిషాల్లోనే పోతుంది, గాలి సోకే మేరా ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఫిల్టర్‌లో వేణ్నీళ్లు పోసినప్పుడు తాజా పొడి బుడగలు కడుతూ ఉబ్బుతుంది, పాతది చప్పబడి కూర్చుంటుంది. ఇంట్లో మిక్సీతో కొడితే పొడి సమంగా రాదన్నది న్యాయమైన అభ్యంతరమే. అలాంటివారు దుకాణంలోనే ఆడించుకోవచ్చు, కాకపోతే వారానికి సరిపడా మాత్రమే. గాలి చొరని, వెలుతురు పడని చిన్న డబ్బాలో నిండుగా పోసి, పొయ్యికి దూరంగా కింది అరలో పెడితే ఆ వారానికి ఎండాకాలంలోనైనా ఇబ్బంది లేదు.

మరి కాఫీ తెలిసినవాళ్లే గింజలను ఫ్రీజర్‌లో దాస్తున్నారుగా అని అడుగుతారు. గింజలు చల్లబడేకొద్దీ పొడి సన్నగా, సమంగా వస్తుందని సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో 2016లో ఒక పరిశోధన కూడా వచ్చింది. కానీ అది మరాడించడం గురించి, రోజూ తెరిచే డబ్బా గురించి కాదు. ఫ్రీజర్ పద్ధతి వేరు: మైనస్ 18 డిగ్రీల చలి, గాలి తీసేసి మూసిన చిన్న పొట్లాలు. అరకు నుంచి కిలో గింజలు తెచ్చుకునేవారికి, దూరదేశం పట్టుకెళ్లేవారికి అది పనికొస్తుంది. పొట్లం గది వేడికి వచ్చాకే కత్తెర పెట్టాలి. కోసినదాన్ని మళ్లీ లోపలికి పంపకూడదు.