ఫెమినిస్టుని కాదు గానీ...

మన క్లాసులో, క్యాంటీన్లో, బస్టాపులో నేను చాలాసార్లు విన్న వాక్యం ఒకటుంది. "నేను ఫెమినిస్టుని కాదు గానీ..." ఆ "గానీ" తర్వాత ఏం వస్తుందో ఒకసారి గమనించండి. "గానీ, పెళ్ళయినాక కూడా ఉద్యోగం మానను." "గానీ, తమ్ముడు తిన్న కంచం నేనెందుకు కడగాలి?" "గానీ, రాత్రి ఎనిమిదికి వాడు బయటికి పోవచ్చు, నేను పోకూడదా?" మొదటి సగంలో కాదంటాం, రెండో సగంలో అవునంటాం. ఆ మొదటి సగం మనకెందుకు అవసరమవుతోంది అన్నదే నా ప్రశ్న.

ముందు అర్థం చూద్దాం. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ సమానమైన హక్కులు ఉండాలి. ఇప్పుడు అవి లేవు. ఈ పరిస్థితిని మార్చవచ్చు. ఈ మూడూ ఒప్పుకునేవాళ్ళు ఫెమినిస్టులు, అంతే. ఇందులో మగవాళ్ళని ద్వేషించాలని లేదు. బొట్టు తీసెయ్యాలని, పెళ్ళి మానెయ్యాలని లేదు. అసలు ఆడదై ఉండాలని కూడా లేదు. ఈ.వె. రామస్వామికి "పెరియార్" అన్న బిరుదు ఇచ్చింది 1938లో మన చెన్నైలో జరిగిన మహిళా మహానాడే. మరి వాడుకలో? గట్టిగా మాట్లాడే అమ్మాయి ఫెమినిస్టు. ఎదురు చెప్పే కోడలు ఫెమినిస్టు. జోకుకి నవ్వకపోతే ఫెమినిస్టు. ఒక అభిప్రాయానికి ఉన్న పేరుని మనం కోపిష్టితనానికి పేరుగా వాడేస్తున్నాం.

నిజానికి ఈ మాట పుట్టిందే అలా. 1871లో ఫ్రాన్సులో ఒక వైద్య విద్యార్థి, క్షయ వచ్చిన కొందరు మగవాళ్ళలో ఆడ లక్షణాలు కనబడుతున్నాయని రాస్తూ ఈ మాట వాడాడు. మరుసటి ఏడు రచయిత అలెగ్జాండర్ డ్యూమా (తండ్రి కాదు, కొడుకు) ఆడవాళ్ళ హక్కుల గురించి మాట్లాడేవాళ్ళని వెక్కిరించడానికి వాడాడు. 1880ల్లో, ఓటు కోసం పోరాడుతున్న ఉబెర్తీన్ ఓక్లేర్ అదే మాటని తీసుకుని తనకు పెట్టుకుంది. "నేను అది కాదు గానీ, నాకు ఓటు కావాలి" అనలేదు ఆమె.

తెలుగులో "స్త్రీవాదం" బాగా వాడుకలోకి వచ్చింది 1980ల తర్వాత. ఓల్గా "స్వేచ్ఛ" నవల 1987లో, స్త్రీవాద కవితల సంకలనం "నీలిమేఘాలు" 1993లో వచ్చాయి. మన మాటలో ఒక చిక్కుంది. "వాదం" అనగానే చెవికి వాదులాట వినబడుతుంది. ఆడవాళ్ళ గొడవ అనిపిస్తుంది. కానీ కోర్టులో "వాది" అంటే ఎవరు? నాకు అన్యాయం జరిగింది, విచారించండి అని దావా వేసిన మనిషి. నీకెందుకంత కోపం అని జడ్జి వాదిని అడగరు. సాక్ష్యం ఏదీ అని అడుగుతారు. స్త్రీవాదిని కూడా అలా అడిగితే చాలు.

మా ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది తమిళం. కాబట్టి నాకు ఇంకో మాట కూడా వినబడుతూ ఉంటుంది: "పెణ్ విడుదలై". తెలుగు వచ్చిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది, ఆడదాని విడుదల. ఇదే మాట తమిళనాడు రిజిస్ట్రారు ఆఫీసులో ఇంకో అర్థంలో తిరుగుతుంది. "విడుదలై పత్రం" అంటే ఆస్తిలో నా వాటా వదులుకుంటున్నాను అని రాసిచ్చే కాగితం. చాలా ఇళ్ళల్లో అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములకి రాసిచ్చేది అదే.

ఆడవాళ్ళకి ఆస్తిలో సమాన హక్కు కావాలని 1929లోనే చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభలో తీర్మానం చేశారు. పిత్రార్జితంలో కొడుకులాగే కూతురికీ పుట్టుకతో హక్కు ఉందని తమిళనాడు చట్టం చేసింది 1989లో. అంటే అరవై ఏళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో అంతకు కొంచెం ముందే, 1986లో వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం ఇచ్చినదాన్ని ఒక్క సంతకం వెనక్కి తీసుకోగలదు.

రెండేళ్ళ కిందట మా మామ ఆ పత్రం తీసుకుని ఇంటికి వచ్చాడు. (అమ్మను అడిగే ఇది రాస్తున్నాను. "పేర్లు రాయకు, అంతే" అంది.) అమ్మ కళ్ళద్దాలు తెచ్చుకుని, "ఒకసారి చదివి పెడతానురా" అంది. మామ నవ్వి, "ఏమక్కా, నువ్వు కూడా ఫెమినిస్ట్ అయిపోతివా?" అన్నాడు. అందరూ నవ్వారు. "అదంతా ఏమీ లేదురా" అని అమ్మ చదవకుండానే సంతకం పెట్టేసింది. మామ చెడ్డవాడు కాదు, అమ్మంటే ప్రాణం. అమ్మ వాటా ఇచ్చెయ్యాలనుకుంటే అది ఆమె ఇష్టం. నాకు బాధ వాటా పోయినందుకు కాదు, చదవడం ఆగిపోయినందుకు. తన కాగితం తాను చదువుకోవడాన్ని ఒక్క మాట ఆపేసింది. ఆ మాట అర్థం తెలిసి ఉంటే, "అవును, అయితే ఏమిప్పుడు?" అని అమ్మ రెండో పేజీ తిప్పి ఉండేదేమో.

"ఈ మాటే ఎందుకు? మానవతావాది అంటే సరిపోదా?" అని నా స్నేహితురాళ్ళు అడుగుతారు. మానవతావాది మంచి మాటే. కానీ మోకాలు నొప్పి అని వెళ్తే, ఒళ్ళంతా ముఖ్యమే కదమ్మా అని డాక్టరు అనరు. నొప్పి ఎక్కడో చెప్పాలి. ఆ చోటు కూడా అందరికీ ఒకటే కాదు. దళిత స్త్రీల బతుకు ఈ మాటలో పూర్తిగా ఇమడలేదని గోగు శ్యామల, జూపాక సుభద్ర లాంటి రచయిత్రులు గట్టిగానే చెప్పారు. అది న్యాయమైన మాట. మాట చిన్నదైతే పెద్దది చేసుకోవాలి. భయపడి దాచుకుంటే అది ఎప్పటికీ పెరగదు.

అందరూ రేపటి నుంచి ఫెమినిస్టులమని చెప్పుకోవాలని నేను అడగడం లేదు. ఎవరి పేరు వాళ్ళిష్టం. రెండే అడుగుతున్నాను. ఒకటి, ఎదుటి మనిషి నోరు మూయించడానికి ఈ మాట వాడొద్దు, సరదాకి కూడా. రెండు, "కాదు గానీ" అనబోతున్నప్పుడు ఒక్క క్షణం ఆగి, "గానీ" తర్వాతి సగం మాత్రమే చెప్పి చూడండి. అది చెప్పడానికి ముందు ఎవరికీ క్షమాపణ బాకీ లేము.

- బి.ఎ. రెండో సంవత్సరం విద్యార్థిని