ఏ తెగులును తట్టుకొను అరటి?

“తెగులును తట్టుకొను రకము” అను మాట నేడు పిలకలమ్మువారి నోట తరచుగా వినబడుచున్నది. ఈ మాటను మేము ఉన్నదున్నట్లు అంగీకరింపజాలము. ఏ తెగులును, అందులో ఏ తెగను, ఏ పరీక్షలో తట్టుకొన్నదో చెప్పనిచో అది వట్టి బేరపు మాట.

పనామా తెగులును కలిగించు ఫ్యుసేరియం శిలీంధ్రము వేళ్లలో జొరబడి నీటి నాళములను మూసివేయును. ముదురాకులు పసుపుబారి వ్రేలాడును. దుంపను కోసినచో ఎఱ్ఱని చారలు కానవచ్చును. మందులతో దీనిని నేలనుండి పోగొట్టుట సాధ్యము కాదు. అరటి లేకున్నను దశాబ్దముల తరబడి అది మట్టిలో బ్రతికియుండును. కావున తట్టుకొను రకమే రైతునకు దిక్కు.

మధ్య అమెరికాలో గ్రోమిషెల్ తోటలను ఒకటవ తెగ తుడిచిపెట్టగా, 1960 ప్రాంతమునకు కావెండిష్ ఆ స్థానము నాక్రమించెను. ఒకటవ తెగకు లొంగని ఆ కావెండిషే ఉష్ణమండల నాలుగవ తెగకు లొంగిపోయినది. 2019 నాటికే బీహారు, ఉత్తరప్రదేశములలో ఈ తెగ నిర్ధారణమైనది. ఒక తెగపై గెలిచిన రకము వేఱొక తెగపై గెలుచునని ఎట్లు నమ్ముట?

పరీక్షలు కాలహరణమనువారు కలరు. కుండీలలో తెగులంటించిన మొక్కల దుంపలను కోసి చారలను లెక్కించుట, పిమ్మట తెగులున్న పొలమున తొలిపంటను, పిలక పంటను గూడ చూచుట కాలము పట్టు పనియే. కాని పైకి పచ్చగానున్న మొక్క దుంపలో రోగము దాగియుండవచ్చును. తొందరపాటువలన కలుగు నష్టమును భరించునది రైతే కదా!

మనవారికి మరియొక చిక్కు గలదు. మన అమృతపాణి తమిళనాట రస్తాళి. కన్నడనాట నంజనగూడు రసబాళె దానికి దగ్గరి చుట్టము. మూడును ఒకటవ తెగకు లొంగునవే. ఇంట ఒక పేరు, సంతలో ఒక పేరు. పేరు మారినంత మాత్రమున దుంప గుణము మారదు. కాని మోసమునకు దారి దొరకును.

అమృతపాణిని విడనాడుడని మేము చెప్పుటలేదు. తెగులెఱుగని నేలలో, శుభ్రమైన మొక్కలతో దానిని పెంచుకొనవచ్చును. మేము కోరునది రెండే. తిరుచిరాపల్లి జాతీయ అరటి పరిశోధన కేంద్రము మొదలైన సంస్థలు పరీక్షా ఫలితములను ప్రకటించునపుడు తెగ పేరుతో పాటు రకమునకుగల తెలుగు, తమిళ, కన్నడ నామములనన్నిటిని పేర్కొనవలెను. అమ్మువారు ఆ ఫలితమును చీటీపై వ్రాసి ఈయవలెను.

అంతవరకు, ఏ తెగ, ఏ పరీక్ష, ఏ పొలము అని అడుగక మనవారెవ్వరును పిలక కొనరాదు.